ఏడో పూత

పడవ ఊడి రాలేదు.

మోల్డు అంచుకీ పడవ అంచుకీ మధ్య దిగ్గొట్టిన చెక్క చీలలు నిన్న ఎక్కడున్నాయో ఇవాళా అక్కడే బిగుసుకుని ఉన్నాయి. సందులోకి గొట్టంతో నీళ్ళు వదిలారు. కంప్రెసర్‌తో గాలి కొట్టారు. రబ్బరు సుత్తి పట్టుకుని అన్నదమ్ములిద్దరూ వంతులవారీగా చుట్టూ తిరిగి తట్టారు. మూడు రోజులుగా ఇదే తంతు. అలిగి గదిలో గడియ పెట్టుకున్న మనిషిలా, ఎవరెంత బతిమాలినా పడవ మాత్రం ఉలకదు, పలకదు.

"మధ్యాహ్నం కటింగ్ మిషన్ తెస్తున్నా," అన్నాడు పెద్దకొడుకు, సుత్తి కింద పడేసి.

"తెచ్చి ఏం కోస్తావన్నయ్యా? మోల్డునా, పడవనా?"

"ముందు నిన్ను కొయ్యాలి."

చిన్నకొడుకు వంగి సుత్తి తీశాడు. గాజుపీచు మ్యాట్ కత్తిరించే బల్ల దగ్గర అతని భార్య చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆమెను అందరూ చిన్నకోడలనే అంటారు. పెద్దకోడలు ఆసుపత్రిలో నర్సు, తెల్లారగానే డ్యూటీకి వెళ్ళిపోతుంది కాబట్టి షెడ్డు గొడవలన్నీ ఈవిడ చెవినే పడుతుంటాయి.

ఏది కోసినా కొంప మునిగేదే. పడవను ముక్కలు చేసి పెకలిస్తే మోల్డు దక్కుతుంది, శుక్రవారానికి ఇవ్వాల్సిన పడవ పోతుంది. మోల్డును కోస్తే ఈ పడవ దక్కుతుంది, ఆ తర్వాత ఇంకో పడవ పుట్టదు. ఆ మోల్డు ఇరవై ఆరేళ్ళ కిందట మావగారు తన చేత్తో చేసిన అచ్చు. దాని లోపలివైపు మైనం రాసి, దాని మీద పొరలు పరిచి, గట్టిపడ్డాక లాగితే పడవ అరటితొక్క ఊడినంత సులువుగా ఊడాలి. మైనం లేకపోతే పడవా మోల్డూ ఒకటే ముద్దయిపోతాయి. ఇక వాటిని విడదీసే మొనగాడు ఎక్కడా లేడు.

"పాత మైనం ఉండగా కొత్త డబ్బా ఎవడు తెమ్మన్నాడ్రా నిన్ను?"

"పాతది రావడం మానేసింది అన్నయ్యా. కొట్టువాడే చెప్పాడు."

"మానేస్తే నన్నడగాలి."

"నువ్వు ఫోన్ ఎత్తితేగా!"

"ఎత్తకపోతే ఇంటికి రాలేవా? ఒకే ఇంట్లో ఉంటున్నాం కదరా! అటు గదిలో నేను, ఇటు గదిలో నువ్వు!"

చిన్నకొడుకు సుత్తిని బల్ల మీద పెట్టాడు. తనను తాను వెనకేసుకొచ్చే రకం కాదు. చిన్నప్పటినుంచీ అంతే, తప్పు చేసినా నోరు విప్పడు, చెయ్యకపోయినా విప్పడు. అందుకే ఇంట్లో విరిగినవన్నీ అతని ఖాతాలోనే పడుతూ వచ్చాయి.

"సరే, నువ్వే చెప్పు," అన్నాడు పెద్దకొడుకు, గొంతు తగ్గించి. అతను గొంతు తగ్గిస్తేనే భయం. "మైనం రాసింది నాన్న. ఏడు పూతలూ రాశాడు. గోడ మీద సుద్దగీతలు ఏడూ ఉన్నాయి, చూసుకో. ఇక మైనమన్నా మంచిది కాకపోవాలి, నాన్న చెయ్యన్నా తప్పి ఉండాలి. ఏదంటావు?"

చిన్నకొడుకు గోడకేసి చూశాడు. పక్కపక్కనే నిలువుగా ఏడు తెల్లగీతలు.

"నాన్న చెయ్యి తప్పదు," అన్నాడు.

"అయితే ఇంకేం. సాయంత్రం నాన్నకు నువ్వే చెప్పు, నీ మోల్డు నేనే పాడుచేశానని. చెప్పాక మూటాముల్లె సర్దుకుని వేరే ఏదైనా చూసుకో. నీతో కలిసి చెయ్యడం నా వల్ల కాదు."

అనేసి, మళ్ళీ తమ్ముడి ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

షెడ్డు పైకప్పులో అక్కడక్కడా రేకులకు బదులు ఫైబర్ పలకలు వేశారు. వాటిలోంచి పచ్చటి వెలుగు దిగుతుంది. గాజుపీచు నూగు ఆ వెలుగులో కిందకీ దిగక, పైకీ పోక తేలుతూ ఉంటుంది. ఆ వెలుగులో మనుషులు నీటి అడుగున నడుస్తున్నట్టు కనిపిస్తారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో చిన్నకోడలు ఇక్కడికి రావడానికి భయపడేది. తర్వాత తర్వాత ఆ వెలుగులోకి రాని రోజు ఆమెకు రోజులాగే ఉండేది కాదు.

బయట కుళాయి దగ్గర భర్త చేతులు కడుక్కుంటున్నాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు.

"మైనం రాసిన ఆ సోమవారం నువ్విక్కడే ఉన్నావుగా," అన్నాడు, తలెత్తకుండానే. "నాన్న ఏడూ పూర్తిగా రాశాడా?"

"రాశారు," అంది. "గీతలున్నాయిగా."

అబద్ధం కాదు. మావగారు ఏడు పూతలూ రాశారు. ఆమె రెండు కళ్ళతో చూసింది.

"అయితే నేనే," అన్నాడతను. "డబ్బా మీద బొమ్మ బాగుందని తెచ్చాను. వాసన కూడా చూడలేదు. నాన్న ముఖం ఎలా చూడను చెప్పు?"

ఆమె కొంగుతో అతని చేతులు తుడిచింది. ఏదో ఒకటి అనాలనిపించింది. ఆరిన చేతులనే మళ్ళీ తుడిచింది. అతను ఆమె కేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళాడు.

ఆ సోమవారం ఆమె చూసింది ఏడు పూతలు మాత్రమే కాదు.

పూతకూ పూతకూ మధ్య గంట ఆగాలి. ఆగి, మెత్తటి గుడ్డతో మెరుగుపెట్టి, గోడ మీద గీత గీసి, మళ్ళీ రాయాలి. మధ్యాహ్నానికి ఏడో గీత పడింది. మావగారు స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. పైకప్పులోని వెలుగు ఆయన తల మీదుగా జారి మోల్డు లోపల మడుగు కట్టింది. మైనం మెరుపుకు ఆ తొట్టి నిండా నీళ్ళున్నట్టే ఉంది. ఆ నీళ్ళ కేసి ఆయన చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. అంత ప్రశాంతంగా ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

తర్వాత లేచారు. మోల్డును అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చుట్టూ తిరిగారు. పాత మైనం వదిలించే థిన్నర్ డబ్బా తీసి, గుడ్డ తడిపి, మోల్డు ముక్కు దగ్గరినుంచి తుడవడం మొదలుపెట్టారు.

"అయిపోయింది కదా మావయ్యా?" అంది ఆమె.

"ఏం అయిపోయింది? తుడవకుండా మైనం రాస్తారా ఎవరైనా?" అన్నారాయన, చిన్నపిల్లను కసిరినట్టు.

ఎక్కడో లోపం కనిపించి ఉంటుంది, మళ్ళీ ఏడూ రాస్తారు కాబోలు అనుకుంది. ఇంతలో అత్తగారు కేకేస్తే ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆయన గుడ్డ మడిచి, డబ్బా మూత పెట్టి, తృప్తిగా నిలబడి ఉన్నారు. గోడ మీద ఏడు గీతలున్నాయి. ఆ ఏడే. ఆమె అడగలేదు. ఇరవై ఆరేళ్ళుగా మైనం రాస్తున్న మనిషిని, తనకు ఈ పని నేర్పిన మనిషిని అడగడమేమిటి అనుకుంది. మర్నాడు పొద్దున తన చేత్తోనే మోల్డు నిండా జెల్‌కోట్ పూసింది.

ఎంత తెలివితక్కువ గౌరవం అది!

ఫైబర్ పడవకు ముందు పైచర్మం పుడుతుంది, లోపలి ఎముకలు ఆ తర్వాత. మొట్టమొదట పూసే రంగుపూతే రేపు నీళ్ళను తాకేది. దాని పేరు జెల్‌కోట్. దాని మీద మ్యాట్, మ్యాట్ మీద రెజిన్, మళ్ళీ మ్యాట్. బయటినుంచి లోపలికి కట్టుకుంటూ రావాలి. ఇదంతా ఆమెకు చెప్పింది మావగారే. వచ్చిన కొత్తలో ఏ వస్తువూ ముట్టనిచ్చేవారు కాదు.

"ముందు పేరు చెప్పు, తర్వాత పట్టుకో," అనేవారు. "ఇదేంటి?"

"రోలర్ మావయ్యా."

"ఏం చేస్తుంది?"

"రెజిన్ పరుస్తుంది."

"పరిచేది బ్రష్షు. ఇది పొరల మధ్య చిక్కిన గాలి తీస్తుంది. మళ్ళీ చెప్పు."

రెజిన్ ఆరింది అంటే ఒప్పుకునేవారు కాదు. ఆరేవి బట్టలమ్మా, రెజిన్ గట్టిపడుతుంది, క్యూర్ అయింది అనాలి, అనేవారు. ఇంట్లో సాంబారు గిన్నె కింద అంటుకుంటే చిన్నకోడలు పొరపాటున "క్యూర్ అయిపోయిందత్తయ్యా" అని, అత్తగారి చేత వారం రోజులు నవ్వించుకుంది. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను మాత్రం ఆయనే కలిపేవారు, కొలత తప్పితే పడవ నీళ్ళ మీద చీలిపోతుందనేవారు.

చలికాలంలో మొదటిసారి ఆయన చెయ్యి చాచి, "అమ్మా, అదీ... అదివ్వు, గాలి తీసేది," అన్నారు. ఆమె రోలర్ అందిస్తూ, "రోలర్ మావయ్యా," అంది నవ్వుతూ. "ఆ, రోలర్," అన్నారాయన, పోయిన వస్తువు దొరికినట్టు. ఆ తర్వాత మ్యాట్. ఆ తర్వాత హార్డెనర్. ఒక్కో రోజు ఒక్కో పేరు. ఆయన చెయ్యి చాచడం, ఆమె వస్తువునూ పేరునూ కలిపి అందించడం. ఎవరికీ చెప్పలేదు. అదొక ఆటలా ఉండేది. నిజం చెప్పాలంటే, ఆ ఆట ఆమెకు ఇష్టంగా కూడా ఉండేది. తనకిచ్చిన మాటలే ఒక్కొక్కటిగా ఆయనకు తిరిగిస్తున్నాను అనుకునేది.

షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒక సన్నటి సందు. వంటింట్లో అత్తగారు ఉల్లిపాయలు తరుగుతున్నారు.

"పొద్దున్నే మొదలెట్టారా కోడిపుంజులు?" అన్నారు. "ఇక్కడిదాకా వినపడింది. మీ మావయ్య వింటారని రేడియో పెద్దది చేశాను."

"ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తారు, నన్ను చంపుతున్నారు. దగ్గు తగ్గేదాకా షెడ్డు వాసన తగలకూడదని పెద్దాడు ఇంట్లో కట్టేశాడు కదా, పొద్దుటినుంచి ఆ గదికీ ఈ గదికీ నడక. చెప్పులేసుకుంటారు, విప్పుతారు. ఇందాక నన్ను రోలర్ ఇమ్మన్నారు."

చిన్నకోడలు తలెత్తింది.

"కళ్ళజోడులే," అన్నారు అత్తగారు, తరుగుతూనే. "ఇచ్చాను. ఇన్నేళ్ళ కాపురం, ఆ మాత్రం తెలీదా! మనిషికి పని లేకపోతే బుర్ర ఇలాగే తిరుగుతుంది. ఇదిగో చెప్తున్నా విను. ఆయన్ని షెడ్డు మానిపిస్తే మూణ్ణెల్లు బతకరు. పెద్దాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట ఎత్తుతాడు. నువ్వు మాత్రం వాడికి వంత పాడకు."

"లేదత్తయ్యా."

"ఏంటా కళ్ళు?"

"ఉల్లిపాయలు."

అత్తగారు ఆమె ముఖంలోకి చూశారు. ఉల్లిపాయల పళ్ళెం కాస్త దూరం జరిపారు.

మావగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. కోడలిని చూడగానే ముఖం విచ్చుకుంది.

"రా తల్లీ. పడవ ఊడిందా?"

"ఇంకా పచ్చిగా ఉంది మావయ్యా," అంది. ముందే అనుకుని వచ్చిన మాట.

"వారం దాటితే పచ్చేంటి?" ఆయన కళ్ళు ఒక్కసారిగా చురుగ్గా అయ్యాయి. "వేసవికాలం! హార్డెనర్ ఎవరు కలిపారు?"

"మీరే మావయ్యా."

"నేనా?"

ఆయన కిటికీ బయటికి చూశారు. సందులో ఎవరో సైకిలు నడిపించుకుంటూ వెళ్తున్నారు. ఆ సైకిలు మలుపు తిరిగేదాకా ఆయన దాన్నే చూశారు. అక్కడేదో రాసి ఉన్నట్టు, దాన్ని చదువుతున్నట్టు.

"నేను కలిపితే పచ్చిగా ఎలా ఉంటుంది?" అంటూ లేచి చెప్పులేసుకున్నారు. ఈసారి విప్పలేదు.

"మావయ్యా, దగ్గు..."

"దగ్గు నాది. పడవ కూడా నాదే."

అత్తగారు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన సందు దాటేశారు. వెనక చిన్నకోడలు పరుగు.

షెడ్డులో పెద్దకొడుకు కటింగ్ మిషన్ తీగ విప్పుతున్నాడు. చిన్నకొడుకు మోల్డుకు ఆనుకుని నిలబడ్డాడు, తనను కోశాకే దాన్ని కొయ్యాలన్నట్టు. తండ్రిని చూసి ఇద్దరూ బడిలో పట్టుబడ్డ పిల్లల్లా సర్దుకున్నారు.

"నాన్నా, నువ్వెందుకొచ్చావు? నేనే వచ్చి చెప్దామని..." అన్నాడు చిన్నకొడుకు.

ఆయన వినిపించుకోలేదు. చీలలను చూశారు. తడిసిన నేలను చూశారు. మిషన్‌ను చూశారు. పచ్చటి వెలుగులోంచి మెల్లగా నడుచుకుంటూ మోల్డు అంచు దగ్గరికి వెళ్ళి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. పడవ అంచు దాటి బయటికి మోల్డు అంచు అరచెయ్యి వెడల్పున ఉంటుంది. దానికి కూడా మైనం రాస్తారు. దాని మీద మూడు రోజుల దుమ్ము. చొక్కా చేతితో దుమ్ము తుడిచి, వంగి చూశారు.

పని చేసేటప్పుడు అంచు మీద రాలిన రెజిన్ చుక్కలు గట్టిపడి ఉన్నాయి. ఒక చుక్కను గోటితో మీటారు. టప్పున ఎగిరిపోయింది. పక్కదాన్ని మీటారు. రాలేదు. గోరు విరిగేలా గీకినా రాలేదు.

"కొత్త మైనం నాన్నా," అన్నాడు పెద్దకొడుకు. "చిన్నాడు తెచ్చాడు. అది..."

"నోర్ముయ్. మైనం బంగారంలా ఉంది. ఇటు చూడు, చుక్క ఎలా లేచిందో. ఈ మైనం తెచ్చినవాడికి దండ వెయ్యాలి."

చిన్నకొడుకు కళ్ళు మూసుకుని తెరిచాడు. మూడు రోజుల బరువు అతని భుజాల మీదినుంచి దిగడం భార్యకు కనిపించింది. ఆ క్షణంలో ఆమెకు సంతోషం కలగాలి. ఆమె చూపు మాత్రం మావగారి వేళ్ళ మీదే ఉంది.

"మైనం రాశారు, మెరుగుపెట్టారు. అంతా బాగుంది," అన్నారాయన, తనలో తాను లెక్క చెప్పుకుంటున్నట్టు. "ఆ తర్వాత ఎవడో థిన్నర్ పెట్టి తుడిచాడు. ఇదిగో, మెరుపు లేనిచోటల్లా తుడుపే. ఎవడు వాడు? ఎవడైనా సరే, ఈ షెడ్డులో ఇంకొక్క రోజు ఉండటానికి వీల్లేదు. నీళ్ళ మీదకు వెళ్ళే వస్తువురా ఇది!"

పెద్దకొడుకు తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ కలిసి చిన్నకోడలిని చూశారు.

"నేనే మావయ్యా," అంది ఆమె.

"నువ్వా?"

"దుమ్ము పడిందని తుడిచాను. థిన్నర్ అని చూసుకోలేదు. తప్పయింది."

"ఏంటి నువ్వనేది?" అన్నాడు భర్త. అతని గొంతు అంత పెద్దగా ఆమె ఎప్పుడూ వినలేదు. "పొద్దున అడిగితే చెప్పలేదేం?"

ఆమె నేల చూపులు చూసింది. మావగారు మాత్రం కోప్పడలేదు. ఇంకొంచెం వంగి, అంచు మీది మరకలను చూస్తున్నారు. మసక మసకగా చిన్న చిన్న నెలవంకలు, ఒకదాని పక్కన ఒకటి.

"నీ తుడుపు ఇలా ఉండదమ్మా," అన్నారు, నెమ్మదిగా. "నీది పొడుగు చెయ్యి, ఒక్క ఊపులో ఈ చివరినుంచి ఆ చివరికి పోతావు. ఇవి చూడు, జానెడు వెళ్ళి ఆగిపోయాయి. భుజం ఎత్తలేని మనిషెవరో..."

మాట అక్కడ ఆగింది.

రెండేళ్ళుగా ఆయన కుడి భుజం పైకి లేవదు. ఆయన ఆ కుడిచేతిని మెల్లగా ఒక నెలవంక మొదట్లో ఆనించారు. చెయ్యి దాని వెంట కదిలింది. మరక ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. పక్కదాని మీద పెట్టారు. అదీ అంతే. మూడోదాని మీద పెట్టబోయి పెట్టలేదు.

పైన గాజుపీచు నూగు వెలుగులో తేలుతూనే ఉంది. గుమ్మం దగ్గర గరిటెతో అత్తగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు.

ఆయన కళ్ళజోడు తీశారు. కొడుకుల కేసి చూడలేదు.

"నువ్వు చూశావు కదమ్మా," అన్నారు.

"చూశాను మావయ్యా."

"ఇదే మొదటిసారా?"

ఆమె అత్తగారిని చూసింది. అత్తగారు వద్దన్నట్టు తల ఊపారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఈ మనిషితో అబద్ధమాడితే తనకింకేం మిగలదనిపించింది.

"తుడవడం ఇదే మొదటిసారి. మర్చిపోవడం... చలికాలం నుంచి ఉంది మావయ్యా. వస్తువుల పేర్లు. నేను అందిస్తూ వచ్చాను."

"పేర్లేనా? కొలతలు?"

"తెలీదు మావయ్యా. హార్డెనర్ మీరే కలుపుతారు కదా. నేనెప్పుడూ చూడలేదు."

ఆయన తల ఊపారు. కోపం లేదు, ఏడుపు లేదు. ఏదో పెద్ద పని ముందున్నప్పుడు పెట్టే ముఖమే పెట్టారు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు.

"చలికాలం నుంచంటే, ఇది కాక మూడు పడవలు," అన్నారు. "మూడింటికీ హార్డెనర్ నేనే కలిపాను. ఎక్కడున్నాయిరా అవి?"

పెద్దకొడుకు చేతిలోని మిషన్ తీగ జారి కింద పడింది. పొద్దుటినుంచీ అరుస్తున్న ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు.

"నీళ్ళ మీద ఉన్నాయి నాన్నా."